ఊ కొట్టే దూరం

పాలపొడి డబ్బాకి బెజ్జం పెట్టి
రాగితీగ గుచ్చి
"ఇదే యాంటెన్నా, పట్టుకో" అంది.
అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు.
మా నాన్న పడవ అద్దెకి మాట్లాడుకుని
పడవతోపాటు నన్నూ మాట్లాడుకుంది
ప్రొఫెసర్ ఎదెల్మీరా చిగ్వాయ్.
చిలోయే దీవుల్లో ఎప్పటిలాగే వాన.

స్తంభాలెక్కడం నా పని.
కింద బురదలో రబ్బరు బూట్లతో నిలబడి
లాప్‌టాప్‌కి గొడుగు పట్టి
తాను తడుస్తూ లెక్కలు వేయడం ఆమె పని.

వైఫై పెట్టెలు గదుల కోసం పుట్టాయని చెప్పింది.
ఒక పెట్టె కథ చెబుతుంది,
అవతలి పెట్టె ఊ కొట్టాలి.
ఊ వినబడకపోతే
చెప్పిన ముక్కే మళ్ళీ చెబుతుంది.
మళ్ళీ.
మళ్ళీ.
కంపెనీవాళ్ళు పెట్టిన గడువు
గోడకీ గోడకీ మధ్య సరిపోతుంది.
మాకేమో కొండ మీది స్తంభానికీ
దీవిలో నర్సు ఒర్తెన్సియా గదికీ మధ్య
నలభై ఒక్క కిలోమీటర్ల సముద్రం.

"అవతలివాడు ఊ అంటూనే ఉన్నాడు,
ఇవతలివాడికే ఓపిక లేదు."
ఆమె పరిశోధనంతా ఈ ఒక్క వాక్యమే,
నాకు అర్థమైనంత వరకు.

పెట్టె పొట్ట విప్పి ఒక్క అంకె మార్చింది.
సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే
అందులో మూడువందలు.
రెప్పపాటులో వెయ్యో వంతు.
అంతసేపు ఆగమంది, అంతే.
ఆ సాయంత్రం ఒర్తెన్సియా మొహం
ముక్కలు ముక్కలుగా వచ్చి తెర మీద అతుక్కుంది.
మొదటి మాట:
"ఇక్కడ బ్యాండేజీలు అయిపోయాయి."

రాసిన వ్యాసం మూడుసార్లు తిరిగొచ్చింది.
ఒక అంకె మార్చడం కూడా శాస్త్రమేనా అన్నారెవరో.
ఆ ఉత్తరం ఏళ్ళ తరబడి
ఆమె కాఫీ కప్పు కింద ఉండేది, గుండ్రటి మరకలతో.

తర్వాత ఇంకో తద్దినం.
రోజుకి రెండుసార్లు లింకు చచ్చిపోయేది.
నిన్నటి వేళకి కాదు,
ముప్పావుగంట ఆలస్యంగా.
ఆరునెలలు కేబుళ్ళు మార్చాం,
తుప్పుని తిట్టాం,
నీటికాకుల్ని కూడా అనుమానించాం.
ఒడ్డున నాచు ఏరే ఫిదెలియా గంప దించి
"పోటూ పాటూ అడక్కుండా
సముద్రం మీద ఏం పని పెట్టుకున్నావమ్మా?" అంది.

పోటుకి నీళ్ళు లేస్తాయి.
నీళ్ళ మీద తుళ్ళి వచ్చిన తరంగం
నేరుగా వచ్చిన తరంగం గొంతు నొక్కుతుంది.
మా ప్రొఫెసర్ గులకరాళ్ళ మీద కూలబడి
ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వింది.
మర్నాడు రెండో యాంటెన్నా,
మొదటిదానికి నాలుగు మీటర్ల కింద.
ఒకటి చెవిటిదైతే ఇంకొకటి వింటుంది.

ఆ వ్యాసానికి ముగ్గురు రచయితలు:
చిగ్వాయ్, బామోందే అంటే నేను, ఫిదెలియా.
మూడో రచయితది ఏ సంస్థ అని ఎడిటర్ అడిగితే
"ఒడ్డు" అని జవాబు రాసింది.

ఇరవై రెండేళ్ళు.
విద్యార్థులు సాంతియాగో వెళ్ళి
ఫోన్ల కంపెనీల్లో చేరారు, పాపం వాళ్ళ గడువులు వేరు.
దీవిలోకి పెద్ద టవరొచ్చింది.
మా స్తంభాలు నేనే దించాను,
బోల్టులు రాకపోతే కోసేశాను.
ఆమె చూడ్డానికి రాలేదు.
"చేతులు జాగ్రత్త" అని ఫోన్ చేసింది.
ఆ మాట కొత్త టవరు మీదుగానే వచ్చింది,
గుక్క తిప్పుకోకుండా, స్పష్టంగా.

నిన్న వాల్దివియాలో వీడ్కోలు సభ.
వ్యాసాలెన్నో, గ్రాంట్లెన్నో డీన్ చదివాడు.
ఆమె మైకు ముందు నిలబడింది.
మాట్లాడలేదు.
డీన్ మైకుని తట్టాడు.
ఎవరో స్విచ్చి వైపు పరిగెత్తారు.
వినలేదనుకుని పేరు మళ్ళీ పిలిచారు.
మళ్ళీ.
గోడకీ గోడకీ సరిపోయే గడువు వాళ్ళది.

నేను కదల్లేదు.
ఆ చూపు కిటికీ దాటి
ఎంత దూరం పోయి వస్తోందో
నాకు కిలోమీటర్లలో తెలుసు.

"ఆ పాలడబ్బా..." అంది చివరికి,
తనలో తను అనుకున్నట్టు.

వెనక వరసలోంచి నేను
ఊ
అన్నాను.